నవ్వు గీత

మా అత్తగారి పళ్ళు విరిగిన రోజు పొద్దున నేను గిన్నెలు తోముతున్నాను. వెనక టక్కుమని చప్పుడైంది. తిరిగి చూస్తే ఆవిడ కిందికి చూస్తూ నిలబడి ఉంది. కడుక్కుంటుంటే చెయ్యి జారిందట. పై వరస పళ్ళ సెట్టు సరిగ్గా మధ్యకి రెండు ముక్కలై నేల మీద పడింది. నేను చేతులు తుడుచుకుని ముక్కలు ఏరేలోపే మా ఆయన పేపరు దించకుండా హాల్లోంచి అన్నాడు: "నీ చేతిలో పనే కదా. పై ఆదివారం లోపు కొత్తవి చేసి పడెయ్. ఆ రోజు అమ్మ బోసినోటితో వస్తే ఏం బాగుంటుంది?" ఆ ఆదివారం ఆయన ఆఫీసువాళ్ళు పాతికేళ్ళ సర్వీసుకి ఆయనకి సన్మానం చేసి భోజనాలు పెడుతున్నారు. అప్పటికి సరిగ్గా పది రోజులుంది.

'పడెయ్' అనడం ఆయనకి అలవాటు. టీ పెట్టి పడెయ్, చొక్కా ఇస్త్రీ చేసి పడెయ్. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం కూడా ఆయన దృష్టిలో అలా చేసి పడేసేదే. పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో వెనక గది నాది. ముందు గదిలో పేషెంట్లు, పెద్ద కుర్చీ, చల్లటి గాలి, గోడ మీద తెల్లటి పళ్ళతో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, దాని కింద 'మనసారా నవ్వండి, ఆరోగ్యంగా ఉండండి' అని పెద్ద అక్షరాలు. వెనక గదిలో అచ్చులు పోసే తెల్లటి పిండి, మైనం కరిగించే చిన్న మంట, చాకులు, నేను. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ. డాక్టరు గారు నోటి అచ్చు తీసి లోపలికి పంపిస్తాడు. ఆ అచ్చులో పిండి పోసి చిగుళ్ళు తయారు చేసి, వాటి మీద మైనపు దిమ్మ కట్టి, అందులో ఒక్కొక్క పన్నే నిలబెడతాను. ఈ ఊళ్ళో ఎంతమంది నా పళ్ళతో నములుతున్నారో నాకే తెలియదు. వాళ్ళకి నేను తెలియను. రోడ్డు మీద ఎవరైనా పెద్దాయన నవ్వుతూ ఎదురైతే ముందు పళ్ళు చూస్తాను, మొహం తర్వాత.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది నవ్వు గీత. మనిషి నవ్వినప్పుడు పై పెదవి ఎంతవరకు లేస్తుందో చూసి, మైనపు దిమ్మ మీద అక్కడ చాకు మొనతో ఒక గీత గీయాలి. పళ్ళు ఆ గీత దాకా ఉండాలి. గీత కిందికి పడితే పళ్ళు పొట్టివైపోతాయి, నవ్వినప్పుడల్లా పైన గులాబీ రంగు ప్లాస్టిక్ చిగురు బయటపడుతుంది. డాక్టరు గారు "ఏదీ, ఒకసారి నవ్వండి" అంటాడు. వాళ్ళు ఫోటోకి నవ్వినట్టు నవ్వుతారు. ఆయన గీత గీసి వెళ్ళిపోతాడు. అడిగితే వచ్చే నవ్వు అసలు నవ్వుకన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉంటుంది. ఇది నేను ఎక్కడా చదువుకోలేదు, బాగాలేవని తిరిగొచ్చిన సెట్లు చూసి నేర్చుకున్నాను. అందుకే ఆయన అటు వెళ్ళగానే ముందు గదిలోకి వచ్చి, పేషెంటుతో కబుర్లు పెట్టి, ఎలాగో నవ్వించి నా గీత నేను గీసుకుంటాను. ఆయనకి ఈ సంగతి తెలుసు, తెలియనట్టు ఊరుకుంటాడు. నవ్వు విలువైందని గోడ మీద బొమ్మ చెబుతుంది. ఎంత విలువైందో మిల్లీమీటర్లతో సహా నేను చెప్పగలను.

ఇంత తెలిసినదాన్ని, నేను నవ్వి ఎన్నేళ్ళయిందో మాత్రం చెప్పలేను. నవ్వడం లేదని కాదు. రోజూ నవ్వుతూనే ఉంటాను, అదీ ఒక పనే. డాక్టరు గారు వెనక గదిలోకి వచ్చి ఫోన్లో చూసిన జోకు చెబుతాడు, చేతిలో చాకు ఆపి నవ్వాలి. మా ఆయన స్నేహితులు ఇంటికొస్తే టీ కప్పులు పట్టుకుని వెళ్ళి, ఎవరో ఏదో అన్నదానికి తలుపు దగ్గర ఆగి నవ్వాలి. నాకు వచ్చిన నవ్వు మాత్రం పెళ్ళైన రెండో వారంలోనే తప్పయింది. మా అక్క ఫోన్ చేసి ఏదో చెప్పింది, ఏం చెప్పిందో ఇప్పుడు గుర్తు లేదు గానీ నేను గోడకి చేరబడి పడీ పడీ నవ్వాను. మా ఆయన గదిలోంచి వచ్చి, "అదేం నవ్వు? వీధి చివరికి వినబడుతోంది," అన్నాడు. అత్తగారు తలెత్తకుండా, "మేమూ నవ్వాం. ఇలా కాదు," అంది. ఆ తర్వాత నవ్వొచ్చినప్పుడల్లా వంటింట్లోకి పరిగెత్తి కొళాయి తిప్పేదాన్ని. నీళ్ళ చప్పుడులో నవ్వుకునేదాన్ని. "ఏమే, ఎన్ని నీళ్ళు పారబోస్తావు?" అని ఆవిడ కేకేసేది. అక్క పోయాక ఆ ఫోన్లూ లేవు. ఎప్పుడు మానేశానో తెలియకుండానే కొళాయి గిన్నెలకి మాత్రమే మిగిలింది.

పళ్ళు విరిగిన మూడు రోజులకి ఆదివారం వచ్చింది. ఆదివారం నాలుగింటికి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేస్తుంది. తిన్నావా, చదివావా అయ్యాక, "అమ్మా, నిన్న మా గదిలో ఒక ఆట ఆడాం," అంది. ఎవరి అమ్మ ఎలా నవ్వుతుందో వాళ్ళు చేసి చూపించాలట. ఒకమ్మాయి వాళ్ళమ్మ గుటకలు మింగుతూ నవ్వుతుందట, ఇంకొకమ్మాయి వాళ్ళమ్మ నవ్వుతూ పక్కనున్నవాళ్ళని కొడుతుందట. అందరూ చేసి చూపించి కింద పడి దొర్లారట. "నా వంతు వచ్చింది. నాకు రాలేదమ్మా. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నువ్వు ఎలా నవ్వుతావు?" అని అడిగింది. ఏముంది, అందరిలాగే, అన్నాను. "ఏదీ, ఒకసారి నవ్వు," అంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న మాటే, మొదటిసారి నాతో అన్నారు. హిహి అన్నాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. "సరేలే అమ్మా, భోజనం వేళకి తిను," అని పెట్టేసింది. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళు నా చేతుల్లో పెరిగిన పిల్లకి నా దగ్గు తెలుసు, నడక తెలుసు, విసుగు తెలుసు. నా నవ్వు తెలియదు. నేను పోయాక తలుచుకుందామన్నా దాని దగ్గర ఏమీ ఉండదు. ఇంతకీ ఆ నవ్వు లోపల ఉందో, వాడక వాడక పోయిందో నాకే తెలియలేదు. చాలా భయం వేసింది.

ఇక్కడ గ్లాసు కథ చెప్పాలి. మా ఆయన చెప్పే కథ ఇది. పెళ్ళైన కొత్తలో ఒక ముసలి మేష్టారి పళ్ళు మర్నాటికి కావాలంటే ఇంటికి తెచ్చుకున్నాను. అవి ఆరిపోకూడదు, అందుకని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, అందులో వేసి వంటింటి అలమారలో పెట్టాను. ఆ సాయంత్రం ఆయన పై ఆఫీసరు చెప్పా పెట్టకుండా ఇంటికొచ్చాడు. కొత్త కోడలు కంగారుపడి ఆ గ్లాసే తీసుకొచ్చి ఇచ్చింది. ఆఫీసరు సగం తాగాక పెదవికి పళ్ళు తగిలాయి. ఇక్కడ మా ఆయన ఆఫీసరు మొహం పెడతాడు, కళ్ళు తేలేస్తాడు. "అప్పట్నుంచీ ఆయన మా ఇంటికొస్తే సంచిలో నీళ్ళసీసా తెచ్చుకునేవాడు," అని ముగిస్తాడు. అందరూ విరగబడి నవ్వుతారు, నవ్వుతూ నా వైపు తిరుగుతారు. అప్పుడు నేను తల వంచుకుని, సిగ్గుపడుతున్నట్టు నవ్వాలి. పందొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు నవ్వానో. ఒకసారి ఒంట్లో బాగాలేక నవ్వలేదు. ఇంటికొచ్చాక, "ఏం, అందరి ముందూ మొహం అలా మాడ్చుకున్నావు, నేనేదో నిన్ను రాచిరంపాన పెడుతున్నట్టు?" అన్నాడు.

ఆ గ్లాసు నేను ఇవ్వలేదు. నేను వెనక ఆరేసిన బట్టలు తీస్తున్నాను. మా ఆయనే వంటింట్లోకి వచ్చి, చేతికందిన గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చాడు. నేను చేతినిండా బట్టలతో లోపలికొచ్చేసరికి ఆఫీసరు ఉమ్ముతున్నాడు, మా ఆయన "మా ఆవిడండీ, కొత్త," అంటున్నాడు. బట్టలు పట్టుకునే క్షమించమని అడిగాను. ఇంట్లో ఒక్కసారి, "అది మీరే కదండీ ఇచ్చింది," అన్నాను. "ఎవరిస్తే ఏంటి, పళ్ళు పెట్టింది నువ్వే కదా," అన్నాడు. నిజమే, పెట్టింది నేనే.

సోమవారం అత్తగారిని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరు గారు అచ్చు తీశాడు. మంగళవారం మైనపు దిమ్మ నోట్లో పెట్టి, "ఏదీ, ఒకసారి నవ్వండమ్మా," అన్నాడు. ఆవిడ చేదు మందు మింగినట్టు పెదాలు రెండు పక్కలకి లాగింది, అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. ఆయన ఆ చెయ్యి పక్కకి తీసి గీత గీశాడు. చూడగానే తెలిసింది నాకు, ఆ గీత తప్పు. కానీ అసలు గీత ఎక్కడుందో నాకూ తెలియదు. పందొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడ నోరారా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

దిమ్మ ఇంటికి తెచ్చాను. సాయంత్రం మా ఆయన ఇంకా రాలేదు. వంటింట్లో ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, దిమ్మ నోట్లో పెట్టి, పేషెంట్లకి చెప్పే కథలన్నీ చెప్పాను. తుమ్మితే పళ్ళు ఎగిరి పక్కవాడి ఒళ్ళో పడ్డ పెళ్ళికొడుకు తాతయ్య కథ చెప్పాను. ఒకే సెట్టుతో వంతులేసుకుని తినే అన్నదమ్ముల కథ చెప్పాను. దానికి నవ్వని పేషెంటు నాకు తగల్లేదు. ఆవిడ నన్ను కళ్ళార్పకుండా చూసి, దిమ్మతోనే, "ఇందులో నవ్వడానికేముంది, పాపం," అంది. నాకు విసుగొచ్చింది. దిమ్మ తీసేసి, మైనం మెత్తబడకుండా గ్లాసులో చల్లనీళ్ళు పోసి అందులో వేశాను. పొట్టి పళ్ళే పెట్టుకోండి నాకేం అనుకుంటూ గ్లాసు అలమారలో పెట్టాను. వెనక నుంచి ఆవిడ అంది:

"మూత పెట్టు. వాడొచ్చి మళ్ళీ ఎవరికైనా ఇచ్చేస్తాడు."

నా చెయ్యి అలమారలోనే ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ముందు కదిలింది భుజాలే, తర్వాత పొట్ట, ఆ తర్వాత ఎక్కడి నుంచో సన్నగా కీచుమనే చప్పుడు. కళ్ళు మూసుకుపోయాయి. చెయ్యి పైకి లేచింది గానీ నోటిదాకా రాలేక మోకాలి మీద పడిపోయింది. ఆవిడ నవ్వుతోంది. నేను గ్లాసులో చెయ్యి పెట్టి దిమ్మ లాగి, "నోరు తెరవండత్తయ్యా, తెరవండి," అంటూ ఆ నవ్వులోనే పెట్టేసి, చాకు మొనతో గీత గీశాను. డాక్టరు గారి గీతకి నాలుగు మిల్లీమీటర్లు పైన పడింది. నేను గీసిన గీతల్లో అంత తేడా ఎప్పుడూ లేదు.

చాకు కింద పెట్టాక అడిగాను. "అయితే మీరు చూశారా, ఆ రోజు?"

"ఇక్కడే కూర్చుని కూరలు తరుగుతున్నాను. వాడు తీసుకెళ్ళాడు. అందులో ఏముందో చూసుకోనే లేదు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వాడు చిన్నబోడూ?"

"మరి నేను?"

ఆవిడ దిమ్మ తీసి నా అరచేతిలో పెట్టి, గోడ పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడకి తెలుసు. కథ విన్న ప్రతిసారీ, నేను తల వంచుకున్న ప్రతిసారీ ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. ఒక మనిషికి తెలుసు అని నాకు ముందే తెలిసి ఉంటే నేను ఇంత ఒంటరిగా ఉండేదాన్ని కాదు అనిపించింది. కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే నాలుగు రోజులు కూర్చుని పళ్ళు చేశాను. నా చేతి పనిలో అంత బాగా కుదిరినవి లేవు. ముందు పళ్ళలో ఒకదాన్ని ఆవిడ పాత ఫోటోలో ఉన్నట్టు కొంచెం వంకరగా పెట్టాను. అద్దంలో చూసుకుని ఆ పన్ను వేలితో తడుముకుంది.

ఆదివారం ఫంక్షన్ హాల్లో గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు. అత్తగారిని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు, పక్కన నేను. వచ్చినవాళ్ళందరూ అమ్మగారు ఎంత బాగున్నారో అంటున్నారు. మా ఆయన మైకు పట్టుకున్నాడు. ఎలా చేరాడో, ఎవరెవరు సాయం చేశారో చెప్పి, ఆ పెద్ద ఆఫీసరు పేరు రాగానే గొంతు మారింది. నాకు తెలిసిపోయింది. గ్లాసు వచ్చింది, కంగారు కోడలు వచ్చింది, ఆఫీసరు మొహం వచ్చింది, నీళ్ళసీసా వచ్చింది. హాలంతా గొల్లుమంది. అందరూ నా వైపు తిరిగారు. నా పెదాలు వాటంతట అవే సాగబోయాయి. హిహి అన్న నా గొంతు, అవతల మా అమ్మాయి మౌనం గుర్తొచ్చాయి. పెదాలు మూసుకున్నాను. తల కూడా వంచలేదు.

నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. "ఏంటి, ఇవాళ మా ఆవిడకి నవ్వు రావట్లేదు?" అన్నాడు మైకులో.

"వచ్చినప్పుడు నవ్వుతానండి. ఆ గ్లాసు ఇచ్చింది నేను కాదు. కావాలంటే అత్తయ్యని అడగండి," అన్నాను. పెద్దగా అనలేదు, అయినా అందరికీ వినబడింది.

ఆయన నవ్వేశాడు. "చెప్పమ్మా," అన్నాడు తల్లితో. అంతా ఆవిడ వైపు చూశారు. ఆవిడ కొడుకుని చూసింది, నన్ను చూసింది. నేను పెట్టిన పళ్ళ మీద పెదాలు బిగుసుకున్నాయి. చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. "ఏమో నాయనా, ఎప్పటి మాటో. గుర్తు లేదు," అంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, భోజనాలు వడ్డించమన్నారు. నా బల్ల దగ్గర ఆ తర్వాత ఎవరూ నాతో మాట్లాడలేదు. నేను తిన్నాను. పక్కన ఆవిడ మెతుకు కూడా ముట్టలేదు. కారులో మా ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు: "పరువు తీశావు."

ఇంటికొచ్చి బట్టలు మార్చుకుని, పొద్దున వదిలేసిన గిన్నెలు మొదలుపెట్టాను. కొళాయి తిప్పాను. హాల్లో టీవీ పెట్టిన చప్పుడు. కాసేపటికి వెనక అడుగులు వినబడ్డాయి. అత్తగారు. పళ్ళు తీసేసి చేతిలో పట్టుకుంది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నేను మళ్ళీ గిన్నెల వైపు తిరిగాను. ఆవిడే గ్లాసు తీసుకుని, నీళ్ళు పట్టుకుని, పళ్ళు అందులో వేసి అలమారలో పెట్టింది.

"చెబుదామనే అనుకున్నానే," అంది. బోసినోట్లో మాటలు మెత్తగా వస్తున్నాయి. "పళ్ళు కొత్తవే. నోరే పాతది."

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. ఆవిడ వెళ్ళలేదు. నేనూ తిరగలేదు. క్షమించాలనిపించలేదు, పొమ్మనాలనీ అనిపించలేదు. అంతలో హాల్లోంచి మా ఆయన కేకేశాడు:

"ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి పడెయ్."

ఇద్దరం అలమారలో గ్లాసు వైపు చూశాం. తర్వాత ఒకరినొకరం చూసుకున్నాం. ఆవిడ మెల్లిగా చెయ్యి చాపి గ్లాసు అందుకుని, నా వైపు తిరిగి, గుసగుసగా, "ఇమ్మంటావా?" అంది.

ముందు నాకే తెలియలేదు అదేమిటో. పొట్టలో ఎక్కడో పట్టేసినట్టయింది. గొంతు దాకా వచ్చింది. తడి చెయ్యి అలవాటుగా కొళాయి మీదికి పోయింది, ఇంకా పెద్దగా తిప్పడానికి. ఆ చేతిని ఒక్క క్షణం చూశాను. కొళాయి కట్టేశాను. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది, ఆ నిశ్శబ్దంలో నేను నవ్వాను. గోడకి చేరబడి, ఊపిరాడక, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాను. ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, బోసి చిగుళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. హాల్లో టీవీ ఆగింది. "ఏంటది? ఏమైంది?" అని వినబడింది. ఇద్దరమూ నవ్వుతూనే ఉన్నాం.

ఫోన్ మోగింది. ఆదివారం, నాలుగైంది. తడిచేత్తోనే తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. మాట్లాడదామంటే మాట రావడం లేదు, నవ్వే వస్తోంది. నా చెవులకే అది కొత్తగా ఉంది, తుప్పు పట్టిన తలుపులా గరగరమంటూ, మధ్యలో ఆగిపోతూ, మళ్ళీ మొదలవుతూ.

"అమ్మా? అమ్మా, ఏమైంది?" అంది మా అమ్మాయి. "ఎందుకు ఏడుస్తున్నావు?"

"ఏడవడం లేదే," అన్నాను ఎలాగో. "ఆ రోజు అడిగావే, ఇదే. బాగా విను."